శుభ్రమైన కరెంటుకు తొమ్మిది మార్కులు

మూడేళ్ల కిందట, మే నెల చివరి సోమవారం నాడు, శాలిబండలోని ఒక వెబ్‌సైటులో నేను ఉద్యోగంలో చేరాను. హోదా పరీక్షల విభాగం అధిపతి. విభాగంలో నేను తప్ప మరెవరూ లేరు కాబట్టి నా కింద పనిచేసే మనిషి కూడా నేనే. స్టీలు సామాన్ల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు. అంతకు ముందు ఇరవై ఎనిమిదేళ్లు ఒక ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో నాణ్యత తనిఖీ చేశాను. జూనియర్ ఇన్‌స్పెక్టరుగా అడుగుపెట్టి సీనియర్ టెస్ట్ ఆఫీసరుగా బయటికొచ్చాను. స్వచ్ఛంద విరమణ తీసుకుని గౌలిపురలో మా ఇంట్లో ఆరు నెలలు కూర్చున్నాక, కుక్కరు విజిళ్ల మధ్య ఎన్ని సెకన్లు పడుతోందో కూడా రాసిపెడుతున్నానని మా ఆయన బెంగపడి, ఎక్కడో ఒకచోట ఉద్యోగం చూసుకోమని బతిమాలారు. అలా చేరాను.

ఆ సైటు చేసే పని, కంప్యూటరు సామాను కొనాలనుకునే తెలుగువాళ్లకు ఏది కొనాలో చెప్పడం. లాప్‌టాపులు, ప్రింటర్లు, ఇంటర్నెట్ రౌటర్లు, యూపీఎస్‌లు. ఈ వృత్తిలో అప్పటికే స్థిరపడిన ఒక ఆచారం ఉంది. అట్టపెట్టె మీద కంపెనీవాడు రాసింది చదివి, దాన్నే కాస్త అటూఇటూ తిరగేసి రాసి, చివర్లో పదికి ఎనిమిదిన్నర మార్కులు వేయడం. ఎనిమిదిన్నరే ఎందుకంటే, తొమ్మిది వేస్తే అమ్ముడుపోయారని చదివేవాళ్లు తిడతారు, ఎనిమిది వేస్తే కంపెనీవాళ్లు మళ్లీ శాంపిల్ పంపరు. శాంపిల్ అంటే పరీక్ష కోసమని కంపెనీ ఉచితంగా పంపే పీసు. సైటు యజమాని శ్రీకాంత్‌కు ముప్పై అయిదేళ్లుంటాయి. మంచివాడు, మాటకారి, దేన్నీ చివరిదాకా చదవడు. తన సైటు అందరిలాంటిది కాకూడదని, నిజంగా కొలిచి రాసేవాళ్లు కావాలని నన్ను పెట్టుకున్నాడు. కొలవడం తప్ప నాకు ఇంకేమీ రాదు కాబట్టి ఇద్దరికీ బాగానే కుదిరింది.

చేరిన రెండో వారంలోనే యూపీఎస్‌ల పని పడింది. తెలియనివాళ్లకు ఒక మాట. కరెంటు పోగానే కంప్యూటరు ఆగిపోకుండా, లోపలున్న బ్యాటరీతో కొంతసేపు నడిపించే డబ్బానే యూపీఎస్ అంటారు. ఇంటి వాడకానికి పనికొచ్చే ఆరు కంపెనీలవి తెప్పించాం. నేను కర్మాగారం పద్ధతిలో బల్ల సిద్ధం చేశాను. కంప్యూటరుకు బదులుగా కరెంటు లాగడానికి చెక్క మీద బిగించిన వంద వాట్ల బల్బులు రెండు, ఒక గడియారం, ఒక మీటరు, స్విచ్ మారేటప్పుడు ఎంత ఆలస్యమవుతోందో చూడటానికి నేను ఇంటి నుంచి తెచ్చుకున్న పాత ఆసిలోస్కోపు. పరీక్షకు ముందు ప్రతి పీసునూ ఒక రోజంతా చార్జింగులో ఉంచాను. ఇక అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త, బల్లకు వచ్చే కరెంటును సర్వో స్టెబిలైజరు గుండా తీసుకున్నాను. వీధిలోంచి వచ్చే వోల్టేజీ ఎంత ఎగిరినా పడినా అది దాన్ని సరిగ్గా రెండువందల ముప్పై దగ్గర నిలబెడుతుంది. ఆఫీసులోని ఏసీ కోసం శ్రీకాంత్ కొన్నదది. అతను వద్దంటున్నా వినకుండా నా బల్లకు కలుపుకున్నాను.

మా కర్మాగారంలో ఇది మొదటి నియమం. ముందు సప్లై శుభ్రం చెయ్యి, ఆ తర్వాతే మీటరు ముట్టుకో. లేకపోతే ఈ రోజు వచ్చిన అంకె రేపు రాదు, ఒక పీసును ఇంకో పీసుతో పోల్చలేం. ఈ నియమం పాటించని ట్రైనీలను నేను నిలబెట్టి కడిగిన రోజులున్నాయి. నెహ్రూ జూ దగ్గరి నుంచి వచ్చే ఒక ట్రైనీకి నేను పెట్టే చీవాట్ల కన్నా అక్కడి పులే నయమనిపించేదని తర్వాత తెలిసింది.

ఆరింటికీ మార్కులు వేశాను. వాటిలో ఒకటి మిగతావాటిని చిత్తుచిత్తుగా ఓడించింది. ప్లగ్గు పీకితే ఇరవై రెండు నిమిషాలు బల్బులు వెలిగించింది, చప్పుడు లేదు, వేడెక్కలేదు, చూడటానికి కూడా పెళ్లికొడుకులా ఉంది. పదికి తొమ్మిది పాయింటు ఒకటి. అయిదో స్థానంలో ఒక మొద్దు డబ్బా వచ్చింది. మిక్సీలాగా రొద, బరువు ఎక్కువ, రంగు బురద. ఆరు పాయింటు నాలుగు వేసి, "చెవిలో దూది పెట్టుకునేవారు కొనవచ్చు" అని ఒక చమత్కారం కూడా రాశాను. ఆ వాక్యాన్ని శ్రీకాంత్ పెద్దక్షరాల్లో పెట్టాడు. గెలిచినదానికి "మా మొదటి ఎంపిక" అని పచ్చ ముద్ర వేశాడు. మా సైటులో ఎక్కువమంది చదివే పేజీ అదే అయింది. శ్రీకాంత్ అందరికీ నన్ను చూపించి, "మేడమ్ కొలిస్తే కొలిచినట్టే" అనేవాడు. నేను కాదనలేదు, నిజానికి ఇంకాస్త గట్టిగా అంటే బాగుండునని కూడా అనుకునేదాన్ని.

శ్రావణమాసం దాటాక ఒక మధ్యాహ్నం ఫోను వచ్చింది. పేరు సుగుణ అని, బహదూర్‌పురాలో ఉంటామని, మా మొదటి ఎంపికనే కొన్నానని, సాయంత్రాలు అది మాటిమాటికీ టక్ టక్ అని కొట్టుకుని చివరికి కంప్యూటరు ఆగిపోతోందని చెప్పింది. నేను తనిఖీ అధికారి గొంతుతో నాలుగు ప్రశ్నలు వేశాను. దానికి ఫ్యాను కలిపావా, ఫ్రిజ్ కలిపావా, బ్యాటరీ వైరు సరిగ్గా బిగించావా, మాన్యువల్ చదివావా. ఏమీ కలపలేదంది, మాన్యువల్ రెండుసార్లు చదివానంది. కొత్త బ్యాటరీ కుదురుకోవడానికి నెల పడుతుందని, ఆడుకుంటూ ఉండకుండా వాడుకుంటూ ఉండమని చెప్పి పెట్టేశాను. ఆడలేక మద్దెల ఓడు అని పక్కనున్న శ్రీకాంత్‌తో అన్నాను కూడా.

మూడు వారాల తర్వాత ఆమె ఆఫీసుకే వచ్చింది. చేతుల్లో యూపీఎస్, వెనకాల దాని అట్టపెట్టె పట్టుకుని ఆమె భర్త. అతను జూ దగ్గర షేర్ ఆటో నడుపుతాడు. ఆ రోజు సవారీలు మానుకుని భార్యను, యూపీఎస్‌ను ఎక్కించుకుని వచ్చాడు. సుగుణకు ముప్పై దాటి ఉండవు. ఏడుపుమొహం గానీ, లొల్లి పెట్టుకునే ఉద్దేశం గానీ లేదు. బల్ల మీద డబ్బా దించి నేరుగా విషయంలోకి వచ్చింది.

ఆమె ఒక కాల్ సెంటరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది వరకు ఎవరెవరో ఫోను చేస్తే రక్తపరీక్షలకు టైము ఇస్తుంది. కంప్యూటరు కంపెనీదే, కరెంటు బాధ్యత మాత్రం ఉద్యోగిది. నెలలో మూడుసార్లు కాల్ మధ్యలో లైను తెగితే లాగిన్ ఐడీకి తాళం పడుతుంది. ఆ తర్వాత విచారణ. విచారణలో తప్పు ఉద్యోగిదని తేలితే ఉద్యోగం అక్కడితో సరి. సుగుణ ఐడీకి తాళం పడి అప్పటికి నాలుగు రోజులు. నేను "వాడుకుంటూ ఉండు" అన్న మూడు వారాల్లోనే మూడుసార్లూ తెగింది.

"మంచి యూపీఎస్ కొనలేదు గదా అని మా సూపర్‌వైజర్ సార్ అడిగిండు మేడమ్," అంది సుగుణ. "కొన్న సార్, చూడుండ్రి అని మీ పేజీ నేనే పంపిన. తొమ్మిది మీద మార్కులున్నయి గదా అని. అగో, గదే నా మెడకు చుట్టుకున్నది. గంత మంచిది ఎందుకు బందయితది, పని తప్పించుకునేందుకు నువ్వే బంద్ చేసినవ్ అంటుండు."

విచారణ వచ్చే శుక్రవారం. ఆ రోజు గురువారం. అంటే ఎనిమిది రోజుల్లో నా మార్కు తప్పన్నా కావాలి, ఆమె మాట అబద్ధమన్నా కావాలి.

ఇక్కడ నేను మంచిదాన్నని చెప్పుకోవాలని ఉంది గానీ, నిజం వేరు. ఆ సాయంత్రం నేను బహదూర్‌పురా వెళ్లింది ఆమెకు సాయం చేయడానికి కాదు, నా తొమ్మిది పాయింటు ఒకటిని కాపాడుకోవడానికి. ఆ ఇంట్లో ఎక్కడో ఒక వదులు వైరు ఉంటుంది, ఎవరో ఇస్త్రీపెట్టె పెడుతుంటారు, పట్టుకుని చూపించి వద్దామనుకున్నాను. వాళ్ల ఆటోలోనే, ఆ యూపీఎస్‌ను ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. స్పీడ్ బ్రేకరు వచ్చినప్పుడల్లా అది నా మోకాళ్ల మీద ఎగిరి పడింది.

ఇరుకు సందు చివర రెండు గదుల ఇల్లు. వైరింగు అంతా చూశాను. మా ఇంట్లోకన్నా బాగుంది. ఆరున్నరకు సాకెట్లో మీటరు పెడితే నూట ఎనభై రెండు. సందులో ఒక్కొక్కరే ఇళ్లకు వచ్చి కూలర్లు, మోటార్లు వేస్తున్న కొద్దీ అంకె దిగుతూ పోయింది. ఏడు దాటాక నూట అరవై ఎనిమిది, నూట అరవై మూడు, మళ్లీ నూట డెబ్బై ఒకటి. యూపీఎస్ టక్ మంది. బ్యాటరీ మీదికి వెళ్లింది. టక్. మెయిన్స్ మీదికి వచ్చింది. టక్. మళ్లీ వెళ్లింది. పావుగంటలో పదిహేడుసార్లు.

అప్పుడు అర్థమైంది. ఈ పెళ్లికొడుక్కి నూట అరవై అయిదు కంటే తక్కువ వోల్టేజీ పనికిరాదు. అంతకంటే దిగగానే, కరెంటు పోయిందనుకుని బ్యాటరీ వాడేసుకుంటుంది. ఆ గీత దగ్గరే కరెంటు ఊగిసలాడుతుంటే బ్యాటరీ రోజూ సాయంత్రం కొంచెం కొంచెంగా కారిపోతుంది, తిరిగి నిండడానికి తీరిక దొరకదు. ఎనిమిదికల్లా ఖాళీ. ఆ తర్వాత వోల్టేజీ ఒక్క క్షణం పడినా చాలు, కంప్యూటరు చచ్చిపోతుంది. నా బల్ల మీద అది పడ్డదెప్పుడు గనుక. రెండువందల ముప్పై దగ్గర మేకు కొట్టి నిలబెట్టాను కదా.

పాడు కరెంటును తట్టుకోవడానికే పుట్టిన వస్తువును నేను ముందు కరెంటు కడిగి మరీ పరీక్షించాను. ఏమీ కొలవడం రాని వాడెవడూ ఈ తప్పు చేయలేడు. వాడు గోడకున్న సాకెట్లో పెట్టేసి చూసి ఉండేవాడు. దీనికి ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు, నియమనిష్ఠలు కావాలి.

వస్తుంటే సుగుణ గోడకున్న చర్చి క్యాలెండరు తెచ్చి చూపించింది. రోజుకు ఎన్ని పాల ప్యాకెట్లు వేశారో గళ్లలో గీతలు పెట్టుకుంటారు గదా, ఆ గళ్లలోనే యూపీఎస్ ఏ టైముకు కొట్టుకోవడం మొదలైందో, ఎప్పుడు ఆగిందో పెన్సిలుతో రాసింది. ఆదివారాలు సందులో దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి తక్కువసార్లు కొట్టుకుంటుందని కింద ఒక గమనిక. నా పరీక్షా పత్రంలో ఉన్న దానికంటే ఆ రెండు నెలల క్యాలెండరులో ఎక్కువ సమాచారం ఉంది. నాకు చాలా సిగ్గేసింది. ఫోనులో ఆమె చెప్పబోయింది బహుశా ఇదే, నేను మాన్యువల్ చదివావా అని అడ్డం పడ్డాను.

మర్నాడు ఆఫీసుకు వెళ్లేసరికి సిగ్గు పోయి, మనిషికి సహజమైన ఇంకో ఆశ పుట్టింది. కంపెనీవాడు నాకు పంపిన శాంపిల్ వేరు, దుకాణాల్లో అమ్మేది వేరు అయి ఉంటే? ఈ వృత్తిలో అలాంటి అనుమానం మామూలే. అలా అయితే తప్పు వాడిది, నేను మోసపోయిన అమాయకురాలిని. నా శాంపిల్‌ను, రాత్రి సుగుణను అడిగి వెంట తెచ్చుకున్న పీసును పట్టుకుని మా మెట్ల పక్కనే ఉన్న యూసుఫ్ భాయ్ దగ్గరికి వెళ్లాను. ఆయన యాభై ఏళ్లుగా రేడియోలు మొదలుకుని ఇన్వర్టర్ల దాకా రిపేరు చేస్తున్న మనిషి. రెండిటి మూతలు విప్పి పక్కపక్కన పెట్టాడు. అద్దాలు నుదుటి మీదికి తోసి, కిందికి లాగి, చాలాసేపు చూశాడు.

"దోనో ఏకీచ్ మేడమ్. బోర్డు గదే, రిలే గదే, బ్యాటరీ గదే. కంపెనీవోడు మీకు ధోకా ఇయ్యలే," అన్నాడు.

కంపెనీవాడు మోసం చేసి ఉంటే ఎంత బాగుండేదో ఆ క్షణంలో నాకు తెలిసింది. నేను బల్ల సంగతి, సర్వో సంగతి, సుగుణ సంగతి అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"మందును మంచిగున్నోని మీద టెస్ట్ చేసిన్రు మేడమ్," అన్నాడు. "వానికి ఏ మందైనా మంచిగనే పనిజేస్తది."

అక్కడే, ఆయన దుకాణంలోనే, మళ్లీ పరీక్ష పెట్టాలని నిర్ణయించాను. ఆ దుకాణం ఉన్న లైను ట్రాన్స్‌ఫార్మరుకు చివరిది. సాయంత్రం ఆరు తర్వాత అక్కడ వోల్టేజీ చూస్తే ఎవరికైనా వైరాగ్యం కలుగుతుంది. నాకు కావలసింది అదే. మూడు సాయంత్రాలు ఆరు యూపీఎస్‌లను అక్కడి సాకెట్లకు తగిలించి, నా బల్బుల బోర్డులతో నడిపించాను. పగటిపూట యూసుఫ్ భాయ్ బల్ల కింది నుంచి లాగిచ్చిన వేరియాక్‌తో ఇంకో పరీక్ష. వేరియాక్ అంటే చక్రం తిప్పితే మనకు కావలసిన వోల్టేజీ ఇచ్చే బరువైన పెట్టె. రెండువందల ముప్పై నుంచి అయిదు నిమిషాలకు పది వోల్టుల చొప్పున దించుతూ, ఏది ఎక్కడ చేతులెత్తేస్తుందో రాసుకున్నాను. దుకాణానికి వచ్చినవాళ్లు నిలబడి చూశారు. పాలు పోసి వెళ్తున్న ఒకాయన మా గౌలిపుర మనిషే, నన్ను గుర్తుపట్టి, "ఏందమ్మా, రిటైరయి బల్బులు అమ్ముతున్నవా" అని పరామర్శించి వెళ్లాడు.

ఫలితం తలకిందులైంది. మొదటి ఎంపిక ఆరోదైంది. నవ్విన నాపచేనే పండుతుందంటారు, ఆ బురద రంగు మొద్దు డబ్బా నూట నలభై దాకా దిగినా బ్యాటరీ జోలికి పోకుండా లోపలే వోల్టేజీ పెంచుకుని నిలబడింది. అది మిక్సీలాగా రొద చేసేది అందుకే. వోల్టేజీ పెంచే ట్రాన్స్‌ఫార్మరు చప్పుడది. ఆ చప్పుడుకు నేను మార్కులు కోసి, పైగా జోకు వేశాను.

మంగళవారం ఈ కాగితాలన్నీ శ్రీకాంత్ ముందు పెట్టాను. అతను మొదటిసారి ఒక కాగితాన్ని చివరిదాకా చదివాడు. చదివి, ఎవరికీ చెప్పకుండా తొమ్మిది పాయింటు ఒకటిని ఏడుగా మార్చేద్దామన్నాడు. పచ్చ ముద్ర కూడా గుట్టుగా తీసేద్దామన్నాడు. పండుగల అమ్మకాలు వస్తున్నాయి, ఈ సమయంలో తప్పు ఒప్పుకుంటే మిగతా పేజీలు మాత్రం ఎవరు నమ్ముతారు, ఏ కంపెనీ శాంపిల్ పంపుతుంది అన్నది అతని బాధ. అందులో నిజం లేకపోలేదు. చాలా సైట్లు చేసేదీ అదే. రాత్రికి రాత్రి అంకె మారుతుంది, మొదటి నుంచీ అదే ఉన్నట్టు కూర్చుంటుంది.

కానీ గుట్టుగా మారిస్తే సుగుణకు ఒరిగేదేమీ లేదు. పాత మార్కు చూసినవాడికి అది తప్పని చెప్పే వాక్యం కావాలి. నాకు కోపం వచ్చింది. "ఆ పిల్లకు మనం ఏం తొడిగినమో తెలుసా శ్రీకాంత్? తొమ్మిది మార్కుల బేడీలు. తాళంచెవి మన దగ్గర పెట్టుకుని గుట్టు గుట్టు అంటవేంది?" అన్నాను. దిద్దుబాటు పేజీ నెత్తిన పెట్టకపోతే సైటులోంచి నా పేరు తీసెయ్యమన్నాను.

"మీ పేరు తీసేస్తే పరీక్షల విభాగంల ఎవ్వరుండరు గద మేడమ్," అన్నాడు అతను దిగులుగా.

చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. తప్పు సైటుది అనకూడదు, పరీక్షించినవారిది అనాలి. తప్పు నాదే కాబట్టి నేను బేరమాడలేదు. బుధవారం ఉదయం పేజీ పైన, పచ్చ ముద్ర ఉన్న చోటే, అంతే పెద్ద అక్షరాల్లో ఇది వచ్చింది: ఈ యూపీఎస్‌కు ఇచ్చిన తొమ్మిది పాయింటు ఒకటి తప్పు. స్టెబిలైజరు నుంచి వచ్చే కరెంటు మీద మాత్రమే దీన్ని పరీక్షించాను. సాయంత్రాలు వోల్టేజీ నూట అరవై అయిదుకు దిగే ఇళ్లలో ఇది ఆగిపోతుంది. ఆగితే లోపం వాడేవారిది కాదు. కింద నా పూర్తి పేరు, హోదా. ఆ కింద మూడు సాయంత్రాల పట్టికలు, సుగుణ అనుమతితో ఆమె క్యాలెండరు ఫొటో. మా ఆయన అది చదివి, ఇన్నేళ్ల కాపురంలో తప్పు నాది అన్న మాట నా నోటి నుంచి రావడం ఇదే మొదటిసారని, పేజీని ప్రింటు తీసి దాచుకున్నారు.

సుగుణకు యూసుఫ్ భాయ్ తన దుకాణంలో ఉన్న అలాంటి మొద్దు డబ్బానే ఒకటి అరువిచ్చాడు. ఐడీకి తాళం ఉన్నా విచారణ మాత్రం వీడియోలో, ఆ ఇంటి నుంచే, సాయంత్రం ఏడింటికి. ఆ సమయం పెట్టింది సూపర్‌వైజరే.

శుక్రవారం ఎనిమిదికి సుగుణ ఫోను చేసింది. వెనక ఆ డబ్బా రొద నాకు స్పష్టంగా వినిపించింది. సూపర్‌వైజరు పాత పేజీని, కొత్త పేజీని పక్కపక్కన పెట్టుకుని, మొన్న తొమ్మిదన్న మనిషే ఇవాళ తప్పంటోంది, ఏది నమ్మాలి అని అడిగాడట. ఏమన్నావని అడిగాను.

"నేనేమన్న అంటే మేడమ్, మంచిదని ఎవరైనా రాస్తరు సార్, తప్పు జేసిన అని పేరు పెట్టి ఎవరు రాస్తరు, అబద్ధమైతే గట్ల రాసుకుంటె ఏం ఫాయిదా అన్న. మా సార్ మీదున్న పెద్ద మేడమొకామె నవ్వింది. సోమవారం ఐడీ తాళం తీస్తమన్నరు."

మస్తు సంతోషమైంది అన్నాను, అచ్చం మా గౌలిపుర భాషలో.  ఆమె మెల్లగా, ఏ కోపమూ లేని గొంతుతో అంది.

"ఒకటి చెప్పాల్నా మేడమ్? నేను మొదటిసారి ఫోన్ చేసినప్పుడే మీరు గీ మీటర్ వట్టుకుని వస్తే, నా ఐడీకి తాళమే వడకపోతుండె."

"నిజమే," అన్నాను. 

ఆ వెబ్‌సైటులో ఇంకో రెండేళ్లు పనిచేసి ఈ మధ్యనే రిటైరయ్యాను, ఈసారి నిజంగానే. దిద్దుబాటు తర్వాత ఒక కంపెనీ శాంపిళ్లు పంపడం మానేసింది, మేం దుకాణంలో కొనుక్కుని పరీక్షించాం. మార్కులు ఎత్తేయమని నేనడిగితే శ్రీకాంత్ ఒప్పుకోలేదు, చదివేవాళ్లు ముందు అంకె కోసమే కిందికి జారతారన్నాడు. కాబట్టి అంకె ఉంచి, దాని పైన రెండు వాక్యాలు తప్పనిసరి చేశాం. దీన్ని ఎలాంటి చోట పరీక్షించాం, దీన్ని ఎవరు కొనకూడదు. ఆ రెండో వాక్యం రాయడానికి ఏమీ తోచకపోతే పరీక్ష పూర్తి కానట్టే లెక్క. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే. మన పేజీ చదివి కొన్న మనిషి వస్తువు పాడైందని ఫోను చేసినప్పుడు అది ఫిర్యాదు కాదు, మనం చేయకుండా వదిలేసిన పరీక్ష. పూర్తిగా విని, రాసుకుని, ఆ సాయంత్రమే బయలుదేరాలి.